అంటువ్యాధి ప్రబలినప్పుడు వార్త ఎలా రాయాలి: విలేకరులు తరచుగా అడిగే ప్రశ్నలు

అంటువ్యాధి వార్త చదివినవాళ్లు చదివి ఊరుకోరు. ఆ సాయంత్రమే ఏదో ఒకటి చేస్తారు. మందుల షాపుకు పరుగెత్తుతారు, పిల్లల్ని బడి మాన్పిస్తారు, సామాను సర్దుకుని ఊరు వదులుతారు, లేదంటే జ్వరం వచ్చినా ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు. వ్యాధి ఎటు పోతుందో, ఎంత దూరం పోతుందో నిర్ణయించేవాటిలో ఈ పనులు కూడా ఉంటాయి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు బయటపడినప్పుడు వందల మంది చనిపోయారని కొన్ని పత్రికలు రాశాయి. భయంతో లక్షల మంది కొద్ది రోజుల్లోనే ఊరు ఖాళీ చేశారు. చివరికి దేశం మొత్తమ్మీద అధికారికంగా లెక్కతేలిన మరణాలు 60 లోపే.

అందుకే ఈ బీట్‌లో ప్రతి వాక్యం దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చదివినవాళ్లు ఏం చేస్తారు? కింది జవాబులన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతాయి.

ఒకచోట చాలామందికి ఒకేలాంటి జ్వరం వస్తోందని తెలిసింది. ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. వార్త ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. కానీ వ్యాధికి మీరు పేరు పెట్టకూడదు. లక్షణాలేమిటి, ఎప్పటి నుంచి, ఎంతమందికి, ఎవరు చూశారు, నమూనాలు ఏ ల్యాబ్‌కు వెళ్లాయి, ఫలితం ఎప్పటికి రావచ్చు అన్నవి రాయండి. ఇవన్నీ తెలిస్తే అది నిండైన వార్తే. ఇవేవీ తెలియకుండా 'వింత వ్యాధి కలకలం' అని రాస్తే మాత్రం అది వార్త కాదు.

ప్రోమెడ్ అనే అంతర్జాతీయ వ్యాధి సమాచార వేదిక ఈ పని ఎలా చేసిందో చూడండి. 2003 ఫిబ్రవరి 10న చైనాలోని గ్వాంగ్‌డాంగ్ న్యుమోనియా గురించి, 2019 డిసెంబరు 30న హుబే న్యుమోనియా గురించి ఆ వేదిక ప్రపంచాన్ని హెచ్చరించింది. మొదటిది తర్వాత సార్స్‌గా తేలింది, రెండోది కోవిడ్‌గా. రెండుసార్లూ శీర్షికలోనే 'సమాచారం కోరుతున్నాం' అని ఉంది. ఇదీ మా అనుమానం, ఇంతవరకే తెలుసు, తెలిసినవాళ్లు చెప్పండి అన్న ధోరణి అది. అంత తొందరలోనూ అంత నిజాయతీగా రాయడం సాధ్యమేనని ఆ రెండు నోట్లు చూస్తే అర్థమవుతుంది.

ఇంకొకటి. తొలిరోజుల వార్తలో తేదీతో పాటు సమయం కూడా వేయండి. ఉదయం ఆరింటికి నిజమైనది సాయంత్రానికి పాతబడిపోతుంది, కానీ ఫోన్లలో అది వారం రోజులు తిరుగుతూనే ఉంటుంది.

ఆరోగ్య శాఖ బులెటిన్‌లో అంకెల్ని ఎలా చదవాలి?

ముందు ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందో చూడండి. అనుమానిత కేసు అంటే లక్షణాలు సరిపోయాయని మాత్రమే. సంభావ్య కేసు అంటే లక్షణాలతో పాటు, తెలిసిన రోగితో దగ్గరగా మెలిగారన్న ఆధారం లాంటిది కూడా ఉందని. నిర్ధారిత కేసు అంటే ల్యాబ్‌లో తేలినది. కచ్చితమైన నిర్వచనం వ్యాధిని బట్టి మారుతుంది, కాబట్టి దాన్ని అడిగి తీసుకోండి. మూడింటినీ కలిపి ఒకే పెద్ద అంకెగా ఇస్తే, నెగెటివ్ వచ్చినవాళ్లను మర్నాడు తీసేసినప్పుడు మొత్తం తగ్గుతుంది. అప్పుడు లెక్కలు దాచేస్తున్నారని జనం అనుకుంటారు. ఆ అపనమ్మకానికి బీజం వేసింది మన హెడ్డింగే.

తర్వాత తేదీ చూడండి. 'ఈరోజు 412 కేసులు' అంటే ఈరోజు 412 మంది జబ్బుపడ్డారని కాదు. ఈరోజు అందిన రిపోర్టుల లెక్క అది. వాళ్లకు వ్యాధి సోకి రోజులు గడిచి ఉంటుంది. సెలవు రోజుల్లో టెస్టులు తగ్గితే మర్నాటి అంకె పడిపోతుంది, రెండ్రోజులకు మళ్లీ లేస్తుంది. ఆ మొదటి రోజు చూసి 'తగ్గుముఖం' అని, అంకె లేచిన రోజు చూసి 'మళ్లీ విజృంభణ' అని రాసిన చోట వ్యాధిలో ఏ మార్పూ ఉండకపోవచ్చు. ఏడు రోజుల సగటు వాడితే ఈ గొడవ చాలావరకు పోతుంది.

మూడోది, ఎంతమందిలో? నిన్న 1,000 టెస్టులు చేస్తే 50 పాజిటివ్ వచ్చాయనుకుందాం. ఈరోజు 5,000 చేస్తే 100 వచ్చాయి. కేసులు రెట్టింపయ్యాయని రాస్తే తప్పేమీ కాదు, కానీ పాజిటివిటీ రేటు 5 శాతం నుంచి 2 శాతానికి పడిపోయిందన్నది అసలు విషయం. ఏ అంకె ఇచ్చినా దాని పక్కన టెస్టుల సంఖ్య ఉండాలి. బులెటిన్‌లో లేకపోతే ఫోన్ చేసి అడగండి. ఇవ్వలేదంటే ఆ మాటే వార్తలో రాయండి.

టెస్టుల గురించి ఇంకో లెక్క కూడా తెలిసుండాలి. వ్యాధి లేనివాళ్లలో 98 శాతం మందికి సరిగ్గా నెగెటివ్ చూపించే టెస్టు ఉందనుకోండి. 1,000 మందికి చేశారు, వాళ్లలో నిజంగా వ్యాధి ఉన్నది 10 మందికి. మిగతా 990 మందిలో 2 శాతం, అంటే సుమారు 20 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. ఆ పది మందినీ టెస్టు పట్టుకున్నా, మొత్తం 30 పాజిటివ్‌లలో మూడింట రెండొంతులు తప్పే. వ్యాధి అరుదుగా ఉన్నచోట అందరికీ మూకుమ్మడిగా టెస్టులు చేసినప్పుడు ఇలా జరుగుతుంది. అలాంటి రోజు రెండో టెస్టుతో నిర్ధారణ జరిగిందా లేదా అని అడిగితే సగం గందరగోళం అక్కడే ఆగిపోతుంది.

మరణాల శాతం ఎలా ఇవ్వాలి? ప్రాణాంతకమో కాదో చెప్పమని డెస్క్ అడుగుతోంది.

తొలి వారాల్లో ఈ శాతం రెండు వైపులా మోసం చేస్తుంది. ఒకవైపు, స్వల్ప లక్షణాలున్నవాళ్లు లెక్కలోకి రారు కాబట్టి మరణాల శాతం అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. 2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ చెప్పింది, నమోదైన కోవిడ్ కేసుల్లో సుమారు 3.4 శాతం మంది చనిపోయారని. చాలా చోట్ల 'నమోదైన' అన్న మాట ఎగిరిపోయి, వ్యాధి సోకినవాళ్లలో 3.4 శాతం మంది చనిపోతారన్నట్టు ప్రచారమైంది.

మరోవైపు, ఈరోజు కేసుల్లో ఉన్నవాళ్లలో కొందరు ఇంకా ఆసుపత్రిలో పోరాడుతుంటారు. వాళ్ల సంగతి తేలకముందే భాగహారం చేస్తే శాతం తక్కువగా వస్తుంది. 2003 సార్స్‌లో మొదట్లో మరణాలు సుమారు 4 శాతమే అన్నారు. చివరి లెక్క 8,096 కేసులు, 774 మరణాలు. అంటే దాదాపు 9.6 శాతం.

కాబట్టి ఒక్క శాతం ఇచ్చి ఆగొద్దు. 'ఇప్పటివరకు నమోదైన ఇన్ని కేసుల్లో ఇంతమంది మరణించారు, ఇంతమంది ఇంకా చికిత్సలో ఉన్నారు' అని విడివిడిగా రాయండి. ఏ వయసువాళ్లు, ఎలాంటి ఇతర జబ్బులున్నవాళ్లు అన్నది తెలిస్తే చేర్చండి. నాకు ముప్పు ఎంత అన్న పాఠకుడి ప్రశ్నకు ఆ వివరాల్లోనే జవాబు ఉంటుంది.

ఎపిడమిక్, ఎండమిక్, పాండమిక్... ఏది ఎప్పుడు?

ఒక ప్రాంతంలో ఎప్పుడూ ఉండేదానికన్నా కేసులు బాగా పెరిగితే ఎపిడమిక్. ఎప్పుడూ ఎంతో కొంత ఉంటూనే ఉంటే ఎండమిక్. అంటే అది తేలికపాటి వ్యాధి అని కాదు. మలేరియా ఎన్నో దేశాల్లో ఎండమిక్, అయినా ఏటా లక్షల ప్రాణాలు తీస్తోంది. దేశాలు, ఖండాలు దాటి వ్యాపిస్తే పాండమిక్. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే 'అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి' వేరు. కోవిడ్ విషయంలో అత్యవసర పరిస్థితిని 2020 జనవరి 30న ప్రకటించారు, పాండమిక్ అన్న మాట మార్చి 11న వాడారు. 'మహమ్మారి' అన్న మాటను ప్రతి జ్వరానికీ వాడేస్తే, నిజంగా అవసరమైన రోజున ఆ మాటకు బరువు ఉండదు.

భయపెట్టకుండా హెడ్డింగ్ పెడితే ఎవరు చదువుతారు?

చదువుతారు. పనికొచ్చే సమాచారం హెడ్డింగ్‌లోనే కనిపిస్తే ఇంకా ఎక్కువ చదువుతారని నా గట్టి నమ్మకం. 'కోరలు చాస్తున్న మహమ్మారి.. ఒక్కరోజే 40 కేసులు!' అన్న హెడ్డింగ్ తీసుకుందాం. ఇందులో వ్యాధి పేరు లేదు, ఎవరికి వస్తోందో లేదు, ఏం చేయాలో లేదు. లోపలి వార్తలో ఉన్నదాన్నే పైకి తెస్తే: 'ఈ వారం 40 డిఫ్తీరియా కేసులు, టీకా పూర్తికాని పిల్లల్లోనే ఎక్కువ'. రెండోది చదివిన తల్లి తన బిడ్డ టీకా కార్డు తీసి చూస్తుంది. మొదటిది చదివితే టెన్షన్ పడటం తప్ప చేసేదేమీ లేదు.

పంజా విసరడం, వణికించడం, మృత్యుఘంటికలు మోగించడం మనకు అలవాటుగా వచ్చేస్తాయి. వార్త రాయడం అయ్యాక వాటిని వెతికి తీసేసి, ఆ ఖాళీలో ఒక వివరం పెట్టండి. స్క్రోలింగ్‌కు, థంబ్‌నెయిల్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఎందుకంటే చాలామంది చూసేది అంతవరకే.

అలాగని భరోసా కూడా అతిగా ఇవ్వొద్దు. 'ఆందోళన అక్కర్లేదు' అని అధికారి చెప్పిన మాటను హెడ్డింగ్‌కు ఎక్కించేముందు, అలా అనడానికి ఆధారమేమిటో అడగండి.

వ్యాధిని ఊరి పేరుతోనో దేశం పేరుతోనో పిలవొచ్చా?

వద్దు. 1918 ఇన్‌ఫ్లుయెంజాను స్పానిష్ ఫ్లూ అన్నారు. అది పుట్టింది స్పెయిన్‌లో అని కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పత్రికలపై యుద్ధకాలపు సెన్సార్ లేదు, అక్కడి పత్రికలు ఉన్నది ఉన్నట్టు రాశాయి. నిజం రాసినందుకు ఆ దేశం ఆ పేరును వందేళ్లుగా మోస్తోంది. కొత్త వ్యాధుల పేర్లలో ప్రదేశాలు, మనుషులు, జంతువులు ఉండకూడదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ దారిలోనే 2022 నవంబరులో మంకీపాక్స్‌కు ఎంపాక్స్ అన్న పేరు సిఫార్సు చేసింది.

జంతువుల పేరుతో వచ్చే నష్టం కూడా చిన్నది కాదు. 2009లో స్వైన్ ఫ్లూ అన్న పేరు వినగానే ఈజిప్టు లక్షల పందులను చంపించింది. వ్యాధి మనిషి నుంచి మనిషికి వ్యాపిస్తోంది కాబట్టి దాంతో ఒరిగిందేమీ లేదు, పందుల్ని పెంచుకుని బతికేవాళ్లు మాత్రం రోడ్డున పడ్డారు. 2022లో మంకీపాక్స్ భయంతో బ్రెజిల్‌లో కోతులపై దాడులు జరిగాయి, విషం పెట్టారు. గబ్బిలాల నుంచి వచ్చే వ్యాధి గురించి రాస్తే, వాటిని కదిలించడం, తరమడం వల్ల ముప్పు పెరగొచ్చన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

ఒక వర్గంలోనే కేసులు ఎక్కువున్నాయి. ఆ విషయం రాయాలా, దాచాలా?

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. వర్గం గురించి చెప్పడం వల్ల ఎవరైనా తమను తాము కాపాడుకోగలిగితే రాయాలి. కాపాడుకోవడానికి పనికిరాకుండా వేలెత్తి చూపడానికే పనికొస్తే తీసేయాలి.

2022 ఎంపాక్స్‌ను చూడండి. ఆ ఏడాది జులైలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం 528 కేసులను పరిశీలిస్తే, 98 శాతం గే, బైసెక్సువల్ పురుషుల్లో ఉన్నాయి. ఇది దాచిపెడితే ముప్పున్నవాళ్లకే హెచ్చరిక అందదు, టీకా ఎక్కడ దొరుకుతుందో తెలియదు. 'గే వ్యాధి' అని రాస్తే రెండు అనర్థాలు: వాళ్లు ఆసుపత్రికి రావడానికి భయపడతారు, మిగతావాళ్లు తమకు రాదనుకుంటారు. సరైన దారి ఏమిటంటే, వ్యాధి దగ్గరి శారీరక స్పర్శతో ఎవరికైనా సోకుతుందని ముందు చెప్పి, ఇప్పుడు ఎవరిలో ఎక్కువగా వ్యాపిస్తోందో చెప్పి, వాళ్లకు అందుబాటులో ఉన్న సాయం ఏమిటో అదే పేరాలో చెప్పడం. ఆ వర్గం నుంచి ఒక ఆరోగ్య కార్యకర్తతోనో డాక్టరుతోనో మాట్లాడించండి. తమ గురించి తామే మాట్లాడితే వినేతీరు మారుతుంది.

మతం, కులం, వలస వచ్చిన చోటు లాంటివి చాలాసార్లు ఈ పరీక్షలో నిలబడవు. ఒక సభ వల్ల వ్యాపించిందనుకుంటే, తలుపులు మూసిన హాలు, గంటల కొద్దీ గుంపు అన్నవే కారణాలు. అవి రాయండి.

రోగి పేరు, ఫొటో, ఇంటి చిరునామా?

ఇవేవీ వద్దు, వాళ్లు అర్థం చేసుకుని ఒప్పుకుంటే తప్ప. ఒప్పుకున్నా, ఈ వార్త ఏళ్లపాటు ఇంటర్నెట్‌లో ఉంటుందని, ఇరుగుపొరుగు చూస్తారని, ఉద్యోగంపై ప్రభావం పడొచ్చని ముందే చెప్పాలి. జ్వరంతో, ఆక్సిజన్ మాస్కుతో ఉన్న మనిషి ఇచ్చే అనుమతిని అనుమతిగా లెక్కవేయకండి.

పేరు తీసేస్తే చాలని కూడా అనుకోవద్దు. వయసు, వృత్తి, వీధి, ఏ రోజు ఏ ప్రయాణం చేశారన్నవి నాలుగూ ఒకచోట పెడితే చుట్టుపక్కలవాళ్లు పది నిమిషాల్లో పోల్చేస్తారు. ఏ బస్సులో, ఏ సమయంలో అన్నది జనానికి అవసరమైతే బస్సు, సమయం రాయండి. మనిషిని వదిలేయండి. 'సూపర్ స్ప్రెడర్' అని ఒక మనిషిని పిలవడం మానేయండి. ఆ మనిషికి తెలిసి చేసిన పని కాదది.

మృతుల కుటుంబంతో మాట్లాడేటప్పుడు, ముందు వాళ్లకు విషయం అందిందో లేదో నిర్ధారించుకోండి. అయినవాళ్లు పోయారన్న సంగతి టీవీ స్క్రోలింగ్‌లో చూసి తెలుసుకోవాల్సి రావడం ఎవరికీ జరగకూడదు.

ఏ ఫొటో వాడాలి?

ఆ వ్యాధికి, ఆ చోటుకు, ఆ సమయానికి చెందినది. ఫైల్ ఫొటో అయితే అలా అని స్పష్టంగా రాయాలి. 2022 మేలో యూరప్, అమెరికాల్లో ఎంపాక్స్ వ్యాపిస్తుంటే చాలా సంస్థలు నల్లజాతివారి చర్మంపై పుండ్లున్న పాత ఫొటోలు వేశాయి. ఆఫ్రికాలోని విదేశీ విలేకరుల సంఘం దానికి బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. టీకా వార్తకు ఏడుస్తున్న పసివాడి ఫొటో, పెద్ద సూది క్లోజప్ వేయడం కూడా ఇలాంటిదే. పక్కన ఏం రాసినా ఆ బొమ్మే గుర్తుంటుంది.

నిపుణుడంటే ఎవరు?

ఆ విషయంపై పనిచేసినవాళ్లు. గుండె డాక్టరు ఎంత పేరున్నవారైనా వైరస్ వ్యాప్తిపై ఆయన మాట ఒక చదువుకున్న మనిషి అభిప్రాయమే. వ్యాప్తి గురించి ఎపిడమియాలజిస్టును, వైరస్ గురించి వైరాలజిస్టును, చికిత్స గురించి రోగుల్ని రోజూ చూస్తున్న అంటువ్యాధుల డాక్టరును అడగండి. ఆశా కార్యకర్తల్లా ఇంటింటికీ తిరిగే సిబ్బందిని మర్చిపోవద్దు. కేసులు ఎందుకు దాస్తున్నారో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మందుల కంపెనీతో సంబంధం ఉందా అని ప్రతి ఒక్కరినీ అడగండి, ఉంటే రాయండి.

'నాకు తెలియదు' అన్న నిపుణుడి నంబరు జాగ్రత్తగా దాచుకోండి. వందమందిలో తొంభై తొమ్మిది మంది ఒక మాట, ఒక్కరు ఇంకో మాట అన్నప్పుడు ఇద్దర్నీ చెరో పక్క కూర్చోబెట్టి చర్చ పెడితే, అభిప్రాయాలు సమానంగా చీలాయన్న అబద్ధం చెప్పినట్టే.

కొత్త అధ్యయనం వచ్చింది. వెంటనే వేసేయొచ్చా?

అది ఇంకా ఎవరూ పరిశీలించని ప్రీప్రింటా, ఇతర శాస్త్రవేత్తలు పరిశీలించాక అచ్చయిందా అన్నది మొదట చూడండి. 2020 జనవరి చివర్లో కొత్త కరోనా వైరస్‌లో హెచ్‌ఐవీని పోలిన భాగాలున్నాయంటూ ఒక ప్రీప్రింట్ వచ్చింది. శాస్త్రవేత్తలు లోపాలు ఎత్తిచూపడంతో రోజుల్లోనే రచయితలు వెనక్కి తీసుకున్నారు. వైరస్‌ను ల్యాబ్‌లో తయారుచేశారన్న ప్రచారానికి మాత్రం అది ఇంధనమైంది.

అచ్చయినంత మాత్రాన నిశ్చింత కూడా లేదు. 2020 మే 22న లాన్సెట్ జర్నల్‌లో, మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్ రోగులకు హాని చేస్తోందంటూ ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. దాని ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు ట్రయల్‌ను తాత్కాలికంగా ఆపింది. అప్పుడు గార్డియన్ పత్రిక ఆస్ట్రేలియా విలేకరులు ఒక చిన్న పని చేశారు. ఆ అధ్యయనం ప్రకారం ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలో 73 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. దేశం మొత్తమ్మీద అప్పటికి నమోదైన మరణాలు 67. డేటా ఎక్కడిదన్న ప్రశ్నలు అన్ని వైపుల నుంచీ ముదిరాయి, జూన్ 4న అధ్యయనాన్ని ఉపసంహరించారు. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటానికి డాక్టరేట్ అక్కర్లేదు.

ఎంతమందిపై చేశారు, మనుషులపైనా ఎలుకలపైనా గాజు పాత్రలోనా, పోల్చడానికి ఇంకో గుంపు ఉందా, డబ్బెవరిచ్చారు. ఈ నాలుగూ వార్తలో ఉండాలి. ఆ అధ్యయనంతో సంబంధం లేని ఒక శాస్త్రవేత్త అభిప్రాయం దొరికేవరకు ఆగితే పోయేదేమీ లేదు.

టీకాల వార్తల్లో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఏమిటి?

సామర్థ్యం శాతాన్ని తప్పుగా వివరించడం మొదటిది. ఫైజర్ కోవిడ్ టీకా 95 శాతం సమర్థమన్నారు. వేయించుకున్న వందమందిలో ఐదుగురికి జబ్బు వస్తుందని దీనికి అర్థం కాదు. సుమారు 43 వేల మంది పాల్గొన్న ట్రయల్‌లో 170 మందికి కోవిడ్ వచ్చింది. వాళ్లలో 162 మంది మందు లేని ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్న గుంపువాళ్లు, 8 మంది టీకా గుంపువాళ్లు. అంటే టీకా లేకపోతే జబ్బుపడేవాళ్లలో 95 శాతం మందిని అది తప్పించిందన్నమాట. ఈ రెండు అంకెలు ఇస్తే పాఠకుడికి శాతం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

రెండోది, టీకా వేయించుకున్నవాళ్లకే ఎక్కువ వచ్చిందన్న వార్త. 2021 జులైలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక పట్టణం చుట్టూ 469 కేసులు వస్తే, 346 మంది, అంటే 74 శాతం, టీకా పూర్తిచేసుకున్నవాళ్లే. ఆ రాష్ట్రంలో అర్హుల్లో 69 శాతం అప్పటికే టీకా వేయించుకున్నారు. ఊళ్లో అందరూ వేయించుకుంటే జబ్బుపడ్డ ప్రతి ఒక్కరూ టీకా వేయించుకున్నవాళ్లే అవుతారు కదా! ఆ 346 మందిలో ఆసుపత్రిలో చేరింది నలుగురు, మరణాలు లేవు. అదే సమయంలో టీకా వేయించుకున్నవాళ్ల ద్వారా కూడా వైరస్ వ్యాపించొచ్చన్న అనుమానానికి ఆ కేసులు ఆధారమయ్యాయి, అదీ రాయాల్సిందే.

మూడోది దుష్ప్రభావాలు. టీకా వేశాక ఎవరైనా చనిపోతే 'టీకా వికటించి మృతి' అని రాసేస్తాం. విచారణ తేలేవరకు 'టీకా వేసిన రెండ్రోజులకు మృతి, కారణంపై విచారణ' అన్నదే నిజం. కానీ నిజమైన దుష్ప్రభావాన్ని తక్కువ చేయడం కూడా తప్పే. ఆస్ట్రాజెనెకా టీకాతో అరుదైన రక్తపు గడ్డల సమస్యకు సంబంధం ఉండొచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 7న చెప్పింది. సుమారు 2.5 కోట్ల మందికి వేయగా లోతుగా పరిశీలించినవి 86 కేసులు, వాటిలో 18 మరణాలు. 86 మాత్రమే ఇస్తే జనం హడలిపోతారు, 2.5 కోట్లు మాత్రమే ఇస్తే చనిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టు. రెండూ ఇచ్చి, ఏ లక్షణం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో రాయండి. తెలిస్తే ప్రాణం నిలబడుతుంది.

పుకార్లను ఖండిస్తే ఇంకా ప్రచారం చేసినట్టవుతుందా?

అది ఎంత దూరం వెళ్లిందన్నదాన్ని బట్టి. నాలుగు గ్రూపుల్లో తిరుగుతున్నదాన్ని మీరు మొదటి పేజీకి తేవొద్దు. అందరి నోళ్లలో నానుతుంటే, ప్రమాదం ఉంటే మాత్రం వెంటనే రాయాలి. 2020లో ఇరాన్‌లో ఆల్కహాల్ తాగితే కరోనా రాదన్న ప్రచారం నమ్మి, విషపూరితమైన మెథనాల్ తాగి వందల మంది చనిపోయారు. రాసేటప్పుడు నిజంతో మొదలుపెట్టి, పుకారును ఒక్కసారే చెప్పి, ఎందుకు తప్పో వివరించి, మళ్లీ నిజంతో ముగించండి. పుకారునే హెడ్డింగ్ చేసి చివర ప్రశ్నార్థకం తగిలించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

నమ్మినవాళ్లను తక్కువ చేసి రాయొద్దు. 2014 సెప్టెంబరులో గినీలోని వోమే గ్రామంలో ఎబోలా గురించి చెప్పడానికి వెళ్లిన బృందాన్ని, వ్యాధిని తెచ్చింది వీళ్లేనన్న భయంతో చంపేశారు. చనిపోయిన ఎనిమిది మందిలో విలేకరులు కూడా ఉన్నారు. ఆ భయం వెనుక అధికారులపై ఏళ్లనాటి అపనమ్మకం ఉంది. పుకారు ఎందుకు అతుక్కుందో కనుక్కోవడం కూడా రిపోర్టింగే.

అధికారులు లెక్కలు దాస్తున్నారనిపిస్తోంది.

అప్పుడు మీ పని ఇంకా పెరుగుతుంది. 2003 ఏప్రిల్‌లో జియాంగ్ యాన్‌యోంగ్ అనే రిటైర్డ్ సైనిక సర్జన్, బీజింగ్ ఆసుపత్రుల్లో సార్స్ కేసులు ప్రభుత్వం చెబుతున్నదానికన్నా చాలా ఎక్కువున్నాయని లేఖ రాశారు. చైనా టీవీ ప్రసారం చేయలేదు, టైమ్ పత్రిక బయటపెట్టింది. ఆ నెల 20న ఆరోగ్య మంత్రిని, బీజింగ్ మేయర్‌ను తప్పించారు. బీజింగ్ కేసుల లెక్క 37 నుంచి 339కి పెరిగింది. భయం పుట్టించకూడదన్న మాట, నిజం దాచడానికి సాకు కాకూడదు.

అనుమానాన్ని ఆధారంగా మార్చడానికి దారులున్నాయి. ఆసుపత్రి రిజిస్టర్లు, ఆక్సిజన్ సరఫరా, శ్మశానాల నమోదు, మునుపటి ఏళ్ల ఇవే నెలల మరణాలతో పోలిక. 2020, 2021ల్లో కోవిడ్ మరణాలుగా ప్రపంచవ్యాప్తంగా నమోదైనవి సుమారు 54 లక్షలు. మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువైన మరణాలు, అంటే అదనపు మరణాలు 1.49 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అయితే అదనపు మరణాల్లో వైద్యం అందక ఇతర జబ్బులతో పోయినవాళ్లూ ఉంటారు, కాబట్టి అన్నీ కోవిడ్ మరణాలేనని రాయకూడదు. మీకు సమాచారం ఇచ్చిన నర్సునో డాక్టరునో కాపాడటం మీ బాధ్యత. పేరు తీసేయడంతో సరిపోదు, ఆ కాగితం ఎవరి చేతికి మాత్రమే అందుతుందో కూడా ఆలోచించండి.

ఫీల్డులోకి వెళ్లాలంటే?

వ్యాధి ఎలా సోకుతుందో తెలుసుకున్నాకే బయల్దేరండి. తట్టు వైరస్ రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. ఎబోలా రోగి శరీర ద్రవాలు తాకితే సోకుతుంది. ఒకదానికి పనికొచ్చే జాగ్రత్త రెండోదానికి చాలదు. ఉన్న టీకాలు వేయించుకోండి. రక్షణ సూటు వేసుకోవడం కన్నా విప్పడమే ప్రమాదకరం, అది శిక్షణ పొందినవాళ్ల ముందు ప్రాక్టీసు చేయాలి. మైకును పొడవాటి కర్రకు తగిలించి దూరం నుంచి పట్టుకోండి. ఐసీయూలో పది మంది కెమెరాలతో దూరడం మానండి. మనవల్ల ఇంకొకరికి సోకితే దానికి ఏ బైటూ పరిహారం కాదు.

సంస్థలకు ఒక మాట. ప్రమాదం ఎక్కువగా మోసేది స్ట్రింగర్లు, ఫ్రీలాన్సర్లు. 2014లో లైబీరియాలో ఎబోలా బారిన పడింది కూడా అమెరికాకు చెందిన ఒక ఫ్రీలాన్స్ కెమెరామన్. బీమా, మాస్కులు, క్వారంటైన్ రోజులకు జీతం ఇవ్వలేని సంస్థ వాళ్లను పంపకూడదు.

తప్పు అచ్చయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే, అదే చోట, అంతే పెద్దగా సవరించండి. పాత వార్తను గుట్టుగా మార్చేయొద్దు. ఏది తప్పు, ఏది ఒప్పు, ఎప్పుడు మార్చారు అన్నవి పైనే రాయండి. పాత స్క్రీన్‌షాట్లు తిరుగుతుంటే సవరణను కూడా ఒక కార్డుగా చేసి వదలండి. సైన్స్ మారితే అది వేరు: 'అప్పుడు అందుబాటులో ఉన్న ఆధారం ఇది, కొత్తగా తేలింది ఇది' అని చెబితే జనం అర్థం చేసుకుంటారు.

కేసులు తగ్గిపోయాయి. ఇక రాయడానికి ఏముంది?

చాలా ఉంది. ఎబోలాలో చివరి రోగికి నెగెటివ్ వచ్చాక 42 రోజులు, అంటే వ్యాధి సోకాక లక్షణాలు కనిపించేందుకు పట్టే గరిష్ఠ కాలం (ఇంక్యుబేషన్) 21 రోజులకు రెట్టింపు, కొత్త కేసు లేకపోతేనే ముగిసిందని ప్రకటిస్తారు. ఆ 42 రోజుల్లోనే కెమెరాలు వెళ్లిపోతాయి.

బయటపడినవాళ్ల జీవితం అప్పుడే మొదలవుతుంది. 2021లో గినీలో మళ్లీ ఎబోలా వచ్చినప్పుడు, అంతకు ముందు 2014-16లో సోకి కోలుకున్న ఒకరి శరీరంలో వైరస్ ఏళ్లపాటు మిగిలి ఉండొచ్చని జన్యు పరీక్షలు సూచించాయి. ముఖ్యమైన వార్తే, రాయాలి. కానీ ఇలా జరగడం చాలా అరుదని, వేల మంది కోలుకున్నవాళ్లు మామూలుగా బతుకుతున్నారని, వాళ్లకు కావాల్సింది వైద్య పర్యవేక్షణ అని అదే వార్తలో లేకపోతే అద్దె ఇల్లు పోయేది, పని పోయేది వాళ్లకే.

ఒక వ్యాధి వెలుగులో ఇంకోటి మరుగున పడుతుందని కూడా గుర్తుంచుకోండి. 2018-20లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో ఎబోలా 2,287 మందిని బలిగొంది. దాదాపు అదే కాలంలో, 2019 మొదలైనప్పటి నుంచి ఏడాది తిరిగేసరికి, ఆ దేశంలో తట్టుతో 6,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలు. తట్టుకు దశాబ్దాలుగా చవకైన టీకా ఉంది. ప్రపంచ మీడియా ఆ మరణాలపై పెట్టిన దృష్టి చాలా తక్కువ.

కాబట్టి ఫాలోఅప్ జాబితా ఒకటి డెస్కులో పెట్టుకోండి. ఆగిపోయిన పిల్లల టీకాలు మళ్లీ మొదలయ్యాయా? డ్యూటీలో చనిపోయిన సిబ్బంది కుటుంబాలకు ప్రకటించిన సాయం అందిందా? హడావుడిగా కొన్న వెంటిలేటర్లు పనిచేస్తున్నాయా, గోడౌన్‌లో ఉన్నాయా? విచారణ కమిటీ నివేదిక ఎక్కడుంది? ప్రతిదాని పక్కనా ఒక తేదీ, దాన్ని చూసుకునే విలేకరి పేరు రాసుకోండి.